రెండో టెలిగ్రామ్

ఈ వారం ఫోన్‌లో ఒక వీడియో వచ్చి పడింది. "నాసా వణికింది" అని ఎర్రక్షరాలు, నల్లటి గుండ్రం, చుట్టూ మంటలు. మన పాలపుంతలో నిన్నగాక మొన్న పేలిన కృష్ణబిలమట. తీరా చూస్తే అది 2023 నాటి సంగతి. పంపినాయన ఈ కాలమ్‌కి పాత పాఠకుడు. కింద ఒక ముక్క కూడా రాశారు: "తొందర మీద మళ్లీ రాయండి, మీకు మేత దొరికింది."

దొరికిందనే అనుకున్నాను. ఎందుకంటే అసలు కథలోనూ తొందరే ఉంది. 2023 ఆగస్టు 24న స్విఫ్ట్ ఉపగ్రహానికి ఓఫియూకస్ తారామండలం వైపు గామా కిరణాల మెరుపు తగిలింది. ఎక్కడో దూరపు గెలాక్సీల్లో పుట్టి, క్షణాల్లో ఆరిపోయే పేలుళ్లని పట్టుకోవడమే స్విఫ్ట్ అసలు పని. ఇదీ ఆ బాపతే అనుకుని జీఆర్‌బీ 230824ఏ అని పేరు పెట్టి లోకానికి చాటేశారు. ఆరిపోవాల్సింది ఆరలేదు సరికదా, అంతకంతకూ పెరిగింది. దూరపు పేలుడు కాదు, మన గెలాక్సీలోదే! పేరు మార్చారు: స్విఫ్ట్ జె1727.8-1613.

చూశారా, వాళ్లూ అంతే, అని కలం తీశాను. మా పేపర్లో పాత నైట్ ఇన్‌చార్జి గుర్తొచ్చారు. ఒక రాత్రి ఓ పెద్ద నాయకుడు పోయాడని కబురొచ్చింది. ఎదుటి పేపరు వాళ్లు బ్యానర్ కట్టేశారని మావాడొకడు పరుగెత్తుకొచ్చాడు. బయట వ్యాన్ల డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. "సార్, పేజీ వదిలేద్దామా?" అంటే ఆయన తల ఎత్తకుండా, "ఆస్పత్రిలో మనవాడు కళ్లతో చూశాడా? చూడమను" అన్నారు. పొద్దున్న ఆ నాయకుడు మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎదుటి పేపరు మర్నాడు సవరణ వేసింది, అయిదో పేజీ అడుగున, పెళ్లి ప్రకటనల పక్కన నాలుగు లైన్లు. బ్యానర్ చదివినవాళ్లలో ఆ నాలుగు లైన్లు ఎందరి కంట పడ్డాయో!

ఆ పద్ధతి ఆకాశం దగ్గర నడుస్తుందా అని ఆలోచిస్తే నా కలం ఆగింది. కృష్ణబిలం పక్కనున్న తార నుంచి వాయువు లాక్కుంటుంది. ఆ సరుకు చుట్టూ పళ్లెంలా ఏళ్ల తరబడి పోగుపడి, ఒకరోజు ఉన్నట్టుండి వేడెక్కి లోపలికి జారుతుంది. వి404 సిగ్ని అనే కృష్ణబిలం 1989లో అలా భగ్గుమన్నాక మళ్లీ 2015 దాకా పెద్దగా చప్పుడు చేయలేదు. ఎక్స్‌కిరణాలు మన వాతావరణం దాటి కిందికి రావు కాబట్టి ఉపగ్రహాలే దిక్కు. వాటిని అటు తిప్పాలంటే ఎవరో ఒకరు ముందు కేక వేయాలి.

కేక వేశారు కాబట్టే స్విఫ్ట్ జె1727 కొద్దిరోజుల్లో ఎక్స్‌రే ఆకాశంలో అతి ప్రకాశవంతమైన వాటిలో ఒకటిగా ఎదగడం అందరూ చూడగలిగారు. 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ కూడా అటు తిరిగింది. వెలుగు సెకనుకు సుమారు 1.4 నుంచి 2.6 సార్లు హెచ్చుతగ్గులవుతోందనీ, ఆ లయ 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాల దాకా ఉందనీ దాని సమాచారంలో తేలింది. కృష్ణబిలానికి బాగా దగ్గరి వాయువు సంగతి చెప్పే లయ అది. ఖరారయ్యేదాకా ఆగుదామని కూర్చుంటే దొరికేది కాదు.

ఇలాంటి కబుర్లు అచ్చయ్యే చోటు పేరు ఆస్ట్రోనమర్స్ టెలిగ్రామ్. 1997 నుంచి నడుస్తోంది. మన తపాలా టెలిగ్రామ్ 2013లో మూతపడింది, వాళ్లది బతికే ఉంది. అక్కడ దిద్దుబాటు కూడా మరో టెలిగ్రామే. దానికీ నంబరుంటుంది, రాసినవాళ్ల పేర్లుంటాయి. మొదటిదాన్ని చెరిపేయరు. ఈ కృష్ణబిలం, దాని పక్క తార ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కాలం ముందు 7.6 గంటలన్నారు, తర్వాత 10.8కి మార్చారు. దూరం లెక్కా మారింది. ఎవరూ అయిదో పేజీలో దాచలేదు.

కాబట్టి పాఠకుల వారూ, తొందర మీద కాలమ్ ఈసారి లేదు. అలాగని మా ఇన్‌చార్జి గారిని వదులుకోను. మనిషి పోయాడన్న వార్త దగ్గర ఇప్పటికీ ఆయన మాటే నాకు చట్టం, అక్కడ ఒక ఇంటికి ఏడుపు మోసుకెళ్తాం. కృష్ణబిలానికి ఆ పక్క తార తప్ప చుట్టాలెవరూ లేరు, దాన్నీ అది తినేస్తోంది.