అరబ్బు ఐక్యతా నినాదం – నవలల సాక్ష్యం

అరబ్బు జాతీయవాదం గురించి మన సాహిత్య సభల్లో రెండు మాటలు చలామణీలో వున్నాయి. 1956లో సూయజ్ కాలువను జాతీయం చేసిన నాసర్‌ను తలచుకుని, అదంతా సామ్రాజ్యవాదంపై సాగిన వీరగాథ అనేది ఒకటి. సైనికాధికారులు గద్దె కోసం వాడుకున్న నినాదం తప్ప అందులో ఏమీ లేదనేది రెండోది. రెండింటికీ ఆధారాలు దొరుకుతాయి. అయితే ఈ మాటలనే వాళ్ళెవరూ ఆ కాలంలో ఆ భాషలోనే వెలువడ్డ నవలల్ని సాక్ష్యానికి పిలవరు. నా ఉద్దేశంలో ఐక్యత ఎక్కడ విరిగిందో చాలామంది నాయకుల కంటే స్పష్టంగా చెప్పింది గస్సాన్ కనఫానీ రాసిన చిన్న నవల, ‘ఎండలో మనుషులు’ (1963).

ఈ ఉద్యమం పుట్టుకలోనే సాహిత్యం వుంది. 1860లో లెబనాన్ కొండల్లోనూ డమాస్కస్‌లోనూ జరిగిన మత మారణకాండ తర్వాత, మతాన్ని దాటిన పునాది కోసం వెదికిన బేరూత్ విద్యావంతులకు అరబ్బీ భాష కనిపించింది. ఇబ్రాహీం యాజిజీ అరబ్బులను మేల్కొమ్మంటూ రాసిన ఖసీదా నోటి నుంచి నోటికి పాకింది. 1938లో ఈ ఉద్యమ చరిత్ర రాసిన జార్జి ఆంటోనియస్ తన గ్రంథానికి ముఖవాక్యంగా ఆ పద్యపాదాన్నే పెట్టుకున్నాడు. పద్యం రాసినవాడూ, చరిత్ర రాసినవాడూ ఇద్దరూ క్రైస్తవులు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఒక చేత్తో షరీఫ్ హుస్సేన్‌కు స్వతంత్ర అరబ్బు రాజ్యం వాగ్దానం చేసి, రెండో చేత్తో 1916లో ఫ్రాన్సుతో కలిసి సైక్స్–పికో ఒప్పందంలో ఆ నేలనే పంచుకుంది. ఈ ద్రోహం అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది తర్వాతి ఘట్టం. 1920లో ఫ్రెంచి సేనలు డమాస్కస్‌లో ఫైసల్ రాజ్యాన్ని కూల్చాక, అతని విద్యామంత్రి సాతీ అల్ హుస్రీ బాగ్దాద్ చేరి ఇరాక్ పాఠశాలల్ని తీర్చిదిద్దాడు. భాష, చరిత్ర – ఈ రెండే జాతికి ప్రాణమని పాఠ్యప్రణాళికలోకి ఎక్కించాడు. 1947లో బాత్ పార్టీని స్థాపించిన మిషెల్ అఫ్లక్, సలాహ్ బీతార్ కూడా డమాస్కస్‌లో బడిపంతుళ్ళుగా పనిచేసినవాళ్ళే. మా వృత్తివాళ్ళ చేతిమీదుగా ఇంతగా పెరిగిన రాజకీయోద్యమం అరుదు. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే వున్నాయనిపిస్తుంది. నల్లబల్ల మీద గీసిన పటంలో సరిహద్దులు తుడిచేయడం తేలిక.

పైగా భాషే జాతి అన్నప్పుడు వేరే భాషవాడి గతి ఏమిటి? 1962లో సిరియా ప్రభుత్వం హసకా ప్రాంతంలో జనాభా లెక్కలు తీసి, లక్షకు పైగా కుర్దుల పౌరసత్వాన్ని ఊడబెరికింది. ఆ ప్రాంతంలోనే పుట్టిన కుర్దు రచయిత సలీం బరకాత్ తర్వాతి కాలంలో అరబ్బీ వచనంలో ఘనుడనిపించుకున్నాడు. ఇటు భాష ఒకటైనంత మాత్రాన రాజ్యం ఒకటిగా నిలవదన్న సంగతి 1956నూ 2014నూ చూసిన మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

1958 ఫిబ్రవరిలో ఈజిప్టు, సిరియా కలిసి ఐక్య అరబ్బు రిపబ్లిక్ అయ్యాయి. నాసర్ డమాస్కస్ వస్తే వీధులు పట్టలేదు. ఆ ఉత్సాహం కిరాయిది కాదు, ఇది ఒప్పుకోవాలి. కాని నాసర్ పెట్టిన షరతు సిరియాలో పార్టీలన్నీ రద్దుకావాలని. బాత్ పార్టీ తనను తానే రద్దుచేసుకుంది. లెబనాన్ కమ్యూనిస్టు నాయకుడు ఫరజల్లా హెలూ 1959లో డమాస్కస్ పోలీసుల చిత్రహింసల్లో చనిపోయాడు. 1961 జులైలో పరిశ్రమల జాతీయీకరణ వచ్చింది. సెప్టెంబరు 28న సిరియా అధికారులు తిరుగుబాటు చేసి విడిపోయారు. కార్మికుణ్ణి, రైతును పాత్రధారిగా కాక ప్రేక్షకుడిగా కూర్చోబెట్టిన ఐక్యత మూడున్నరేళ్ళలో ముగిసింది. ఆ పేరు మాత్రం ఈజిప్టు 1971 దాకా ఒంటరిగా మోసింది!

ఇక నవల. కనఫానీ పన్నెండేళ్ళ వయసులో అక్కా పట్నం నుంచి కాందిశీకుడైనవాడు. డమాస్కస్‌లో కాందిశీకుల బడిలో, తర్వాత కువైట్‌లో పాఠాలు చెప్పాడు. అరబ్బు జాతీయవాద ఉద్యమంలో కార్యకర్త. కాబట్టి ఇది బయటివాడి ఎద్దేవా కాదు. కథాకాలం 1948 పతనానికి పదేళ్ళ తర్వాత, అంటే సరిగ్గా ఐక్యతా పతాకం ఎగిరిన ఏడాది. ముగ్గురు పాలస్తీనీయులు – ముసలి రైతు అబూ ఖైస్, యువకుడు అసద్, చదువు మానేసిన కుర్రాడు మర్వాన్ – బస్రా నుంచి దొంగతనంగా కువైట్ చేరాలని ఖాళీ నీళ్ళ ట్యాంకరులో దాక్కుంటారు. మొదటి చౌకీ దాటతారు. రెండో చౌకీ దగ్గర గుమస్తా, డ్రైవరుతో ఒక నాట్యకత్తె గురించి పరాచికాలాడుతూ కాగితాల మీద సంతకం ఆలస్యం చేస్తాడు. ట్యాంకరులో ముగ్గురూ చచ్చిపోతారు. డ్రైవరు శవాల్ని చెత్తకుప్ప దగ్గర పడేసి, జేబుల్లో డబ్బూ, మర్వాన్ చేతి గడియారమూ తీసుకుంటాడు. ట్యాంకరు గోడ ఎందుకు తట్టలేదని ఎడారిలో వాళ్ళను అడుగుతాడు.

గుమస్తా అరబ్బు, డ్రైవరు అరబ్బు, చచ్చిన ముగ్గురూ అరబ్బులు. పరాచికాలు కూడా అందరికీ అర్థమయ్యే ఆ అరబ్బీలోనే. హుస్రీ సిద్ధాంతానికి ఇంతకంటే క్రూరమైన పరీక్ష లేదు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్ళినవాళ్ళున్న ఇళ్ళలో ఆ చౌకీ గురించి విడమర్చి చెప్పనక్కర్లేదు.

చాలామంది విమర్శకులు ముగింపు దగ్గరే ఆగిపోతారు. నాకు మొదటి అధ్యాయమే గొప్పది. అబూ ఖైస్ నది ఒడ్డున నేలకు గుండె ఆనించి పడుకుని, ఊళ్ళో సలీం మాస్టారి పాఠం గుర్తుచేసుకుంటాడు. టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసి షత్తల్ అరబ్ అవుతాయన్న భూగోళం పాఠం అది. కొడుకు బడి కిటికీ పక్కన నిలబడి విన్నది. జాతి పటం పిల్లల బుర్రకెక్కించిన బడి ఇదే. ఆ పాఠంలోని నది ఒడ్డుకే రైతు నిజంగా చేరాడు – పొలమూ, ఆలివ్ చెట్లూ పోయి, దళారికి ఇవ్వవలసిన దీనార్లు లెక్కపెట్టుకుంటూ. ఇక్కడ నినాదాన్ని ఖండించే వాక్యం ఒక్కటీ లేదు. పాఠాన్నీ మనిషినీ పక్కపక్కన పెట్టాడంతే. సలీం మాస్టారిని హేళన చెయ్యకపోవడంలో కనఫానీ సంస్కారం కనిపిస్తుంది. ఆ మాస్టారు ఊరు శత్రువు చేతికి చిక్కకముందే చనిపోతాడు. బతికిపోయాడనుకుంటాడు అబూ ఖైస్.

1972లో ఈజిప్టు దర్శకుడు తౌఫీక్ సాలిహ్ సిరియా ప్రభుత్వ సినిమా సంస్థకు దీన్ని తెరకెక్కించాడు. సినిమాలో లోపలివాళ్ళు గోడ తడతారు; బయట వినపడదు. 1967 పరాజయం తర్వాత, పాలస్తీనా సాయుధపోరాటం లేచిన తర్వాత ఆ మార్పు సహజం. ప్రజలు మౌనంగా లేరు, వినేవాళ్ళే లేరన్నది దర్శకుడి దృక్పథం. రాజకీయంగా నేను సినిమా పక్షమే. అయినా నవలే నన్ను నిద్రపోనివ్వదు. కనఫానీ అదే ఏడాది జులైలో బేరూత్‌లో కారుబాంబుకు బలయ్యాడు.

అబ్దుల్ రహ్మాన్ మునీఫ్‌ది మరో దారి. తండ్రి సౌదీ, తల్లి ఇరాకీ, పుట్టింది అమ్మాన్‌లో. రాజకీయాల కారణంగా సౌదీ పౌరసత్వం పోయింది. కొంతకాలం బాత్ పార్టీలో వున్నాడు. ఐక్య అరబ్బు జాతికి పౌరుడెవరైనా వుంటే ఇతనే, అయితే పాస్‌పోర్టు లేదు. ‘మధ్యధరాకు తూర్పున’ (1975) జైలు నవలలో ఖైదీ రజబ్, అతని అక్క అనీసా వంతులవారీగా కథ చెబుతారు. దేశం పేరు వుండదు. శిల్పపరంగా దీన్ని లోపమనేవాళ్ళున్నారు, స్థలకాలాల నిర్దిష్టత లేదని. నేనొప్పుకోను. పేరు పెట్టి వుంటే మిగతా దేశాల పాఠకులు ఊపిరి పీల్చుకునేవాళ్ళు. బాత్ పార్టీ రెండు దేశాల్లో అధికారానికొచ్చి, రెంటినీ కలపకపోగా ఒకదాని మీద ఒకటి కత్తి నూరింది. ఆ దేశాల్లో ఒకేలా వున్నది మునీఫ్ వర్ణించిన ఆ గదే. ఇరాక్‌లో ఆ పాలన 2003లో పోయింది. సిరియాలో 2024 డిసెంబరులో కూలినప్పుడు జనం మొదట పరుగెత్తిన చోట్లలో సైద్‌నాయా జైలు ఒకటి. చేతుల్లో తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని గది గదీ వెదికారు.