జాడీలో ఇరుక్కున్న పెట్టుబడి

మా వీధిలో తోటికోడళ్లిద్దరు పచ్చళ్ల వ్యాపారం మొదలుపెడుతున్నారు. మొన్న పెద్దామె ఒక రసీదు తెచ్చి చూపించింది. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి రెండున్నర వేలు! ఫోన్‌లో వెతికితే మొదట కనబడిన సైటు ప్రభుత్వానిదే అనుకుని కట్టేశారట. నాకు ఒళ్లు మండిపోయింది. 2020 జులైలో మొదలైన ఉద్యమ్ నమోదుకు పైసా రుసుం లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కీ ప్రభుత్వం ఏమీ తీసుకోదు. ఊరికే దొరికేదాన్ని అమ్ముకునేవాళ్ల మీద నాకు ఎప్పుడూ కోపమే. మీ దరఖాస్తు మీరే పెట్టుకోండి, మధ్యవర్తుల జోలికి పోకండి అని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఈ వారమూ అదే రాద్దామనుకున్నాను.

అంతలో చిన్నామె అడిగింది. "బాబాయ్ గారూ, నలభై లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదన్నారు. హైదరాబాద్‌కి కొరియర్లో పంపుకోవచ్చు కదండీ?"

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి ఏడాది అమ్మకాల హద్దు 40 లక్షలన్నది నిజమే. తెలంగాణలో 20 లక్షలు. కానీ సరుకు రాష్ట్రం దాటిందా, ఆ హద్దుతో పని లేదు. మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. మా రాజమండ్రి నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లికి వెళ్లే ఆవకాయ, 2014లో రాష్ట్రం విడిపోయాక, అంతర్రాష్ట్ర సరుకు. ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లకెలా తెలుస్తుంది? దరఖాస్తు నింపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. తనకు ఏది వర్తిస్తుందో తేల్చుకోవడం వేరే పని.

అలా తేల్చడం తెలిసినవాళ్లు పాతకాలపు దస్తావేజు లేఖరులు, వాళ్లంటే నాకెంతో గౌరవం. మా ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద ఒకాయన కూర్చునేవారు. ముందు చిన్న బల్ల, పక్కన సిరాబుడ్డి, మడత పెట్టిన స్టాంపు కాగితాలు. పొలం అమ్మేవాళ్లు వస్తే కలం పట్టేవారు కాదు. "బావిలో నీ వంతు ఎన్నాళ్లకొకసారి వస్తుంది? బండి ఎవరి గట్టు మీంచి తోలతావు? పడమటి హద్దున తాడిచెట్లెవరివి?" అని అడుగుతూ పోయేవారు. కొనేవాడికి విసుగొచ్చేది, అమ్మేవాడికి చెమటలు పట్టేవి. అప్పుడు రాసేవారు. వాక్యం పొడుగ్గా, పాత గ్రాంథికంలో ఉండేది గానీ అందులో ఆ పొలం కనబడేది. ఆయన రాసిన కాగితం మీద తగాదా వచ్చిందని నేనైతే వినలేదు. ఆయన లాయరు కాదు, చదువూ తక్కువే. అడగడం తెలిసిన మనిషి.

ఇప్పుడు కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది, పేర్లు మారతాయి. తోటికోడళ్ల భాగస్వామ్య పత్రం కూడా అలా వంద రూపాయల స్టాంపు కాగితం మీద వచ్చిందే. లాభనష్టాలు చెరిసగం, సంతకాలు, అంతే. అత్తగారైతే ఆ మాత్రం కూడా దండగంది. "ఒక ఇంటి కోడళ్లకి కాగితాలేంటి?" అని.

తోటికోడళ్లిద్దరినీ తెలిసిన లాయరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చదివి, "అమ్మా, కాయ కొనేదెప్పుడు?" అని అడిగారు. ఏప్రిల్, మే. కారం, నూనె, ఆవాలు, అన్నీ అప్పుడే. అమ్మకం ఏడాది పొడుగునా. "మరి ఆగస్టులో ఒకరు తప్పుకుంటే?" ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పెట్టుబడంతా జాడీల్లో ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు. మిగిలిన సరుకుకు వెల ఎవరు కట్టాలి, కొన్న ధరకా, అమ్మే ధరకా, డబ్బు ఎన్ని నెలల్లో ఇవ్వాలి? లేబుల్ మీది పేరు ఎవరికి? సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించమని కూడా చెప్పారు. చేయకపోతే అరువుకు సరుకు తీసుకున్న కొట్టువాడు ఎగ్గొట్టినా సంస్థ పేరిట దావా వేయలేరట. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో 69వ సెక్షన్ అదే.

ఆయన ఫీజు ఆ రసీదులో ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే. ఇవ్వమని నేనే చెప్పాను. ఊరికే వచ్చేదానికి డబ్బు పోసి, బుర్ర పెట్టి ఆలోచించేవాడికి ఇవ్వాల్సిన చోట మనం చెయ్యి బిగబడుతున్నాం.

ఆ ఫీజు కూడా ఇచ్చుకోలేనివారి మాటేమిటి? 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. కేసు ఉండక్కర్లేదు, సలహా ఇవ్వడం కూడా ఆ సేవలోదే అని చట్టంలోనే ఉంది. ఫోన్ నంబరు 15100, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే. అయినా అక్కడికి విడాకులకీ భరణానికీ వెళ్లినట్టు షాపు అద్దె ఒప్పందం చదివించుకోవడానికి వెళ్లినవాళ్లు నాకు తగల్లేదు. న్యాయ విజ్ఞాన సదస్సుల్లో బాల్యవివాహాల గురించి చెబుతున్నారు, చెప్పాల్సిందే. డ్వాక్రా సంఘాల దగ్గర పెట్టే సదస్సులో ఒక పూట భాగస్వామ్య పత్రానికీ అద్దె కాగితానికీ కేటాయించమని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడుగుతున్నాను. మామిడికాయ మార్కెట్లోకి రాకముందే పెడితే మరీ మంచిది.