ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

పెద్దవాళ్లకు ఫోన్ నేర్పేటప్పుడు నాదొకటే నియమం. ఫోన్ వాళ్ల చేతిలోంచి తీసుకోను, తెర మీద వేలు పెట్టను. "ఇటివ్వమ్మా, నేను చేసిస్తా" అని పిల్లలు లాక్కుంటే రీఛార్జ్ క్షణంలో అయిపోతుంది. ఏది నొక్కితే అయిందో అమ్మ మాత్రం చూడలేదు. వచ్చే నెల మళ్లీ అడగాలి, "ఎన్నిసార్లు చెప్పాలి?" అనిపించుకోవాలి.

యూపీఐ వచ్చింది 2016 ఏప్రిల్‌లో. అదే ఏడాది సెప్టెంబరులో జియో, నవంబరులో పెద్ద నోట్ల రద్దు. బడి వదిలేసి ముప్పై, నలభై ఏళ్లయినవాళ్లంతా ఒక్కసారిగా కొత్త విద్య నేర్చుకోవాల్సి వచ్చింది. కూర్చోబెట్టి నేర్పినవాళ్లు మాత్రం తక్కువ.

ఫోన్‌పే కొట్టడంలో స్కాన్ చేయడం సులువే. నేను ఆగేది ఆ తర్వాత. తెర మీద ఎవరి పేరు వచ్చిందో పైకి చదవమంటాను. కూరగాయల బండి ఆయనది కాకుండా వాళ్లమ్మాయి పేరు కనిపించవచ్చు. అడిగి తెలుసుకోమంటాను. తర్వాత అంకె వేసి, సున్నాలు చూసుకోమంటాను. పిన్ కొట్టేటప్పుడు నేను ముఖం పక్కకు తిప్పుకుంటాను. కన్నకొడుకు ముందైనా దాచుకోవాల్సిన అంకె అని నోటితో చెప్పేకంటే అలా చూపిస్తేనే బాగా ఎక్కుతుంది. పిన్ డబ్బు పంపడానికి కావాలి, బ్యాలెన్స్ చూసుకోవడానికి కావాలి. డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. పాత సోఫా కొంటామని ఫోన్ చేసి "డబ్బులు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అనేవాళ్ల మోసమంతా ఈ సంగతి తెలియనివాళ్ల దగ్గరే సాగుతుంది.

పెద్దవాళ్లకు మతిమరుపు అంటారు గానీ, నేను ఒప్పుకోను. వాళ్లు బొమ్మ ఎక్కడుందో, ఆ చోటును గుర్తుపెట్టుకుంటారు. యాప్ అప్‌డేట్ అయ్యి ఆ బొమ్మ ఇంకో మూలకు పోతే నేర్చుకున్నదంతా పోయినట్టే. ఆ తప్పు యాప్ తయారుచేసినవాళ్లది.

రైల్వేలో రిటైరైన బాబాయిగారొకరు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకులో వరసలో నిలబడేవారు. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నుంచి ఉంది. 2021లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతీ వచ్చింది. దాన్ని ప్రయత్నించిన రోజు, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఎంతసేపు కళ్లార్పినా ఫోన్ ఆయన్ను గుర్తుపట్టలేదు. "వెలుతురు మీ ముఖం మీద పడాలి బాబాయిగారూ" అన్నాను. ఆయనే కుర్చీ తిప్పుకున్నారు, ఆయనే పూర్తిచేశారు. ఆ సాయంత్రం మోకాళ్ల నొప్పులతో కదల్లేని తోటి ఉద్యోగి ఇంటికి వెళ్లి, ఆయనకూ దగ్గరుండి చేయించారు.

నా అసలు దిగులు వేరే ఉంది. రీఛార్జ్ అడిగినందుకే విసుక్కున్న పిల్లలకు, మోసపోయినప్పుడు ఎవరు చెబుతారు? పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు" అని బెదిరించేవాళ్లకు ఆ మౌనమే కావాలి. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. పిల్లలు తిడతారన్న భయంతో రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం దాదాపు పోయినట్టే.

అందుకే ఇప్పుడు పాఠం 1930తోనే మొదలుపెడుతున్నాను. ఆ నంబరు ఏ పేరుతో దాచుకుంటే వెంటనే దొరుకుతుందో వాళ్లనే అడుగుతాను. ఒక పిన్నిగారు "దొంగలు" అని రాసుకున్నారు. టైపు చేసింది ఆవిడే.