మేరియన్ ఆండర్సన్ ధ్వనిముద్రణములు: ‘మేము’ ‘నేను’ ఐన తీరు

గాయకుల స్వీయచరిత్రలు పెక్కు వారు వ్రాసినవి కావు, చెప్పినవి. చెప్పుటకును వ్రాతకును నడుమ జారిపోయిన దేమి యను ప్రశ్న సాధారణముగ మనకు పుట్టదు. చెప్పిన మాట నిలిచియుండదు గనుక. అది నిలిచియున్న అరుదైన సందర్భములలో అమెరికా దేశపు నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ (1897–1993) విషయ మొకటి.

ఆమె స్వీయచరిత్ర ‘మై లార్డ్, వాట్ ఎ మార్నింగ్’ 1956లో వెలువడినది. గ్రంథము ఆమె పేర నున్నను, దానిని అక్షరబద్ధము చేసినవాడు న్యూయార్క్ టైమ్స్ సంగీత విమర్శకుడు హోవర్డ్ టౌబ్‌మన్. ఆయన ఆమెను ప్రశ్నించి టేపుల కెక్కించిన సంభాషణలు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆమె పత్రములతోపాటు భద్రపరుపబడి యున్నవి. పరిశోధకులు ఇట్టి ముద్రణములను గ్రంథమునకు అనుబంధముగ వాడుకొందురు. గ్రంథమునే వీనికి అనుబంధముగ చూడవలెనని నా యభిప్రాయము. కారణ మొక చిన్న సర్వనామము.

ముఖాముఖి సంభాషణలలో ఆండర్సన్ తన్నుగూర్చి చెప్పుకొనునపుడు తరచుగ ఏకవచనమును తప్పించి ‘వుయ్’ అనెడిది. ఒక్కొక్కచో ‘వన్’ అని తటస్థముగ పలికెడిది. అచ్చుపుస్తకమున నడచునది ‘ఐ’, అనగా ‘నేను’. ఆంగ్ల పాఠకునకు ఇది శైలీసంస్కారముగ తోచవచ్చును. తెలుగువానికి అట్లు తోచరాదు. మన భాషలో వినువానిని కలుపుకొను ‘మనము’ వేరు. విడిచిపెట్టు ‘మేము’ వేరు. ఆంగ్లపు ‘వుయ్’ ఈ రెంటిని ఒక్క గుప్పిట మూసిపెట్టినది.

ఎందుల కట్లు పలుకుదువని యడుగగా ఆమె యిచ్చిన సమాధానపు సారమిది: పాట కట్టినవాడు, పియానో చేసినవాడు, దానిని వాయించువాడు లేనిదే గానము లేదు, అందు ‘నేను’ పాలు మిగుల స్వల్పము. ఇది ‘మేము’. ఫిలడెల్ఫియాలో ఇతరుల బట్టలుదికియు, అంగడిలో నేల తుడిచియు బిడ్డలను పెంచిన తల్లియు, శిక్షణకై చందాలు పోగుచేసిన యూనియన్ బాప్టిస్టు చర్చివారును ఇందున్నారు. వినువాడు లేడు.

1939 ఏప్రిల్ 9న జరిగినది వేరు. ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ అను సంఘము వర్ణభేదము పాటించి తమ కాన్‌స్టిట్యూషన్ హాలు నీయ నిరాకరింపగా, వాషింగ్టనులో లింకను స్మారకమందిరపు మెట్లపై సుమారు 75,000 మంది యెదుట ఆమె పాడెను. తొలుత పాడిన ‘అమెరికా’ గీతమున ‘నేను’ అని యున్నచోట ‘వుయ్’ అని మార్చెను. అది నిస్సందేహముగ ‘మనము’. తలుపు మూసినవారు సైతము ఆ పదమున చేరిరి. ఒకే గాయని, ఒకే పదము, అర్థములు రెండు. వీనిని వేరుపరచి చూపగల భాష మనకున్నది గనుక ఈ చర్చ మన శాఖలకు పరాయిది కాదు.

1955 జనవరి 7న మెట్రోపాలిటన్ ఒపేరాలో, వెర్డి కూర్చిన ‘ఉన్ బల్లో ఇన్ మాస్కెరా’యందు ఉల్రికా పాత్రతో ఆమె ప్రవేశించునప్పటికి వయస్సు 57. అంతకుముందు ఆ సంస్థ నల్లజాతివారి కెవ్వరికిని ప్రధానపాత్ర నిచ్చి యెరుగదు. గొంతు విప్పకమునుపే సభ కరతాళధ్వనులు చేసెను. తల్లి సభలోనే యున్నది. పుస్తకమున ఘట్టము చక్కగనే యున్నది. ఐనను ‘నేను’ అను కథనమున అది ఆలస్యముగ చేజిక్కిన బహుమానముగ కనబడును. ‘మేము’ అని చదివినచో ఒక జాతి గడప దాటుచున్నట్లుండును.

ఈ బహువచనము వినయము గాదు, కవచమని వాదింపవచ్చును. నల్లజాతి స్త్రీ ‘నేను’ అనిన అహంకారమని పేరుపడు కాలమది. ఆ వాదమును కాదనను. కవచమే యైనను దానిని ధరించినది ఆమె. విప్పుటకు లేఖకునకు అధికార మెక్కడిది?

టౌబ్‌మన్‌ను దూషించుట నా యుద్దేశము గాదు. పుస్తకము నిండ ‘మేము’ నడచిన ఏ ప్రకాశకుడు అచ్చువేయును? ఆమె సంయమనము గ్రంథమున చెడలేదు: వర్ణభేదముచే తన్ను త్రిప్పిపంపిన సంగీతపాఠశాల పేరు అందు లేదు. కాని తన ప్రశ్నలను ఆయన తొలగించినాడు. అడుగగా చెప్పినది, అడుగకయే చెప్పినట్లైనది.

టేపు పలికినదెల్ల సత్యమనియు భ్రమపడరాదు. ఆమె తన జన్మవత్సరము 1902 అని జీవితమంతయు చెప్పుకొనెను. జనన నమోదు పత్రమున 1897 అని యున్నది. తేదీల విషయమున పత్రమే ప్రమాణము. తన్ను తాను ఏమని పిలుచుకొనెనో ఆ విషయమున స్వరమే ప్రమాణము.

ఇంత నిశ్చయముగ చెప్పుటకు నాకొక కారణము కలదు. పరిశోధక విద్యార్థిగ నున్నపుడు ఒక వృద్ధ రంగస్థల గాయని మాటలను కాసెట్టుపై నెక్కించి, సాపు వ్రాయునపుడు ఆమె ‘మేము’ అన్నచోట్లెల్ల ‘నేను’ అని దిద్దితిని, వ్యాకరణశుద్ధి యనుకొంటిని. ఆ కాసెట్టుపైననే పిమ్మట వేరొక ఉపన్యాసము నెక్కించితిని. ఇప్పుడు సరిచూచుకొనుటకు ఆధారము లేదు.

ఆండర్సన్ విషయమున ఆధారము మిగిలియున్నది. ఆమె స్వీయచరిత్రను తెలుగు చేయదలచినవారు అచ్చుప్రతి నొక్కదానినే ముందుంచుకొనక, ఆ సంభాషణలను వినవలెను; ‘ఐ’ కనబడిన ప్రతిచోటను అక్కడ ఆమె నోట ‘వుయ్’ ఉన్నదా యని చూచి, ఉన్నచో అది ‘మేము’యో ‘మనము’యో తేల్చుకొనవలెను. కొన్నిచోట్ల తేలదు. అట్టిచోట అధోజ్ఞాపిక వ్రాసి విడుచుట మేలు.