కత్తి కన్నా ముందు వేలు

మలాశయ క్యాన్సర్ కోసే సర్జన్ పనితనం తెలియాలంటే ఆపరేషన్ అయ్యాక ట్రేలో పెట్టిన ముక్కను చూడాలి. మలాశయం చుట్టూ కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వు మీద పలచటి తొడుగు. ఆ తొడుగు ఎక్కడా చిరగకుండా, నున్నగా మెరుస్తూ బయటికొచ్చిందా, ఆ చెయ్యి గట్టి చెయ్యి. మన కొల్లాపూర్ తోటల్లో బెనిషాన్ మామిడికాయను తొడిమతో కోస్తారు చూడండి, సొన కారి కాయ పాడవకుండా! ఇదీ అంతే. తొడుగు చిరిగితే క్యాన్సర్ కణాలు లోపలే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఈ కిటుకును 1982లో లోకానికి విప్పి చెప్పినవాడు ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్. అంతకు ముందు ఆపరేషన్ చేయించుకున్న నలుగురైదుగురిలో ఒకరికి అదే చోట గడ్డ మళ్ళీ లేచేది. హీల్డ్ చేతిలో అది 5 శాతం లోపుకి దిగింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఆ తొడుగు బయట దూదిలాంటి పొర ఎక్కడుందో పట్టుకుని దాని వెంటే నెమ్మదిగా దిగడం, అంతే! ఆ దిగడం మగవాళ్ళ ఇరుకు కటిలో ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు. పక్కనే మూత్రానికీ సంసార జీవితానికీ సంబంధించిన నరాలు. కాస్త అటు జరిగితే అవి తెగుతాయి, కాస్త ఇటు జరిగితే తొడుగు చిరుగుతుంది. ఇంతా చేసి, మలద్వారం కండరాన్ని కాపాడి పేగును తిరిగి అతికితే మనిషి పొట్ట మీద మలం సంచి లేకుండా పొలానికి పోతాడు. ఇంతకన్నా గొప్ప కళ ఇంకేముంటుందండీ?

చరిత్ర గురించి రెండు ముక్కలు. జీర్ణకోశం క్యాన్సర్‌ను కోసి గెలిచిన మొదటి సర్జన్ వియన్నాలో బిల్‌రోత్, 1881లో. ఆపరేషన్ చేయించుకున్నామె కొన్ని నెలలే బతికింది, కానీ దారి పడింది. క్లోమం తల, చిన్నపేగు మొదలు, పిత్తాశయం కలిపి తీసేసే ఆపరేషన్‌ను 1935లో విపిల్ అనే సర్జన్ చెప్పాడు. దాంట్లో తీయడం ఒక ఎత్తు, అతకడం ఒక ఎత్తు. మెత్తటి క్లోమంలోని సన్నటి గొట్టాన్ని, చాలాసార్లు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, పేగుకు కుట్టాలి. కుట్టు బిగిస్తే క్లోమం చీలుతుంది, వదులైతే లోపలి రసం కారి చుట్టుపక్కల మాంసాన్నే అరిగిస్తుంది. ఎంబీబీఎస్, ఎంఎస్, ఎంసీహెచ్, మొత్తం పదకొండున్నరేళ్ళ చదువయ్యాక కూడా ఆ బిగువు వేళ్ళకు రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. ఏడాదికి ఒకటో రెండో చేసే చోట కాదు, వరసబెట్టి చేసే చోటే ఈ ఆపరేషన్ చేయించుకోవాలని నేను ఎవరడిగినా చెబుతాను.

హైదరాబాద్ గొప్పతనం తక్కువదేం కాదు. ఇక్కడి డాక్టర్లు జి.వి. రావు, డి. నాగేశ్వర్ రెడ్డి నోట్లోంచి ఎండోస్కోప్ దించి, జీర్ణకోశం గోడలోంచి దాటించి, అపెండిక్స్‌ను నోటి దారినే బయటికి తీశారు. 2004 ప్రాంతంలో ఆ సంగతి విని ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. అయినా నా ఓటు మాత్రం రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికే. మెహదీ నవాజ్ జంగ్ పేరున్న ఆ ఆస్పత్రి 1955లో మొదలైంది. పేదోడి గడ్డను ఇన్నేళ్ళుగా కోస్తున్న చేతులవి. రోబో బొమ్మ వేసుకున్న ఆస్పత్రి హోర్డింగులు చూసి మోసపోకండి. రోబో మంచి పనిముట్టే, కానీ పొర తెలియని చేతికి అది పొరను చూపించదు.

నా కడుపు మంట వేరే ఉంది. ఏ ఊరి కరెంటు స్తంభం చూసినా "మొలలు, లూటీ, భగందరం – ఆపరేషన్ లేకుండా" అన్న కాగితమే. మలంలో రక్తం పడుతోందని పోయినోడికి పడుకోబెట్టి చూడకుండానే ఇంజెక్షన్, పసరు పూత. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అని ఒకరు, "గ్యాసే" అని గోలీలిచ్చేవారు ఇంకొకరు. అట్లా నెలలు గడిచాక హైదరాబాద్ చేరితే హీల్డే వచ్చినా ఏం చేస్తాడు? మలాశయం కింది భాగంలో పెరిగే గడ్డ చాలాసార్లు గ్లవ్ తొడిగిన చూపుడు వేలికే తగులుతుంది. ఒక్క నిమిషం పని. సిగ్గని రోగి అడగడు, అసహ్యమని వైద్యుడు చేయడు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి పాలమూరు ఒకటి. అంటే ఆపరేషన్ ఖర్చు గోస కొంత తీరింది. నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి మెడికల్ కాలేజీ కూడా ఉంది. రక్తం పడుతోందని వచ్చిన ప్రతి మనిషికీ అక్కడ వేలి పరీక్ష తప్పనిసరి చేయండి. వారానికో రోజు కొలనోస్కోపీ పెట్టండి. నెలకోసారి ఎంఎన్‌జే సర్జన్ ఒకరు ఆ కాలేజీకి వచ్చి కుర్ర డాక్టర్లకు చెయ్యి పట్టి నేర్పేలా ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. స్తంభాల మీది కాగితాలు మాత్రం మున్సిపాలిటీ వాళ్ళు రేపే పీకేయొచ్చు, దానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.