రాయబార ఘట్టం: సభాధికారం, యుద్ధ నిర్ణయం

తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేశారు. ఆ జంటకవుల ‘పాండవోద్యోగ విజయములు’లోని రాయబార పద్యాలు బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పద్యనాటక ప్రియులకు సుపరిచితాలు. అయితే ఈ ఘట్టంపై ప్రశంస తరచుగా పద్యధార, రాగాలాపనల వద్దే ఆగిపోతుంది. యుద్ధాన్ని ఆపే అధికారం సభకు ఉందా అన్న ప్రశ్న మరుగున పడుతుంది.

ఆ ప్రశ్న మూలకథలోనే ఉంది. ఉద్యోగపర్వంలో భీష్మ ద్రోణ విదురులు సంధి కోరుతారు. ధృతరాష్ట్రుడు తాను స్వతంత్రుణ్ని కానంటాడు. దుర్యోధనుడు సభ విడిచి వెళ్లిపోతాడు. అప్పుడు కృష్ణుడు, యాదవులు కంసుణ్ని విడనాడిన ఉదంతం చెప్పి, దుర్యోధనాదులను బంధించి పాండవులకు అప్పగించమంటాడు. సభ ఆ పని చేయదు. రాజు గాంధారిని పిలిపించి మళ్లీ హితవే చెప్పిస్తాడు. కురుసభలో వివేకానికి కొదవ లేదు. నిర్ణయాన్ని నిలువరించే శక్తే లోపించింది.

ఈ లోపాన్ని ఆధునిక శాసనసభలు చట్టంతో పూరించజూశాయి. 1973లో అమెరికా కాంగ్రెస్ నిక్సన్ వీటోను తోసిపుచ్చి చేసిన యుద్ధాధికారాల తీర్మానం ప్రకారం, అధ్యక్షుడు సేనలను పోరులోకి దింపితే 48 గంటల్లో తెలియజేయాలి; అనుమతి రాకుంటే సాధారణంగా 60 రోజుల్లో విరమించాలి. భారత రాజ్యాంగం 53(2) అధికరణం రాష్ట్రపతి సర్వసైన్యాధిపత్యాన్ని చట్టానికి లోబరచింది. యుద్ధారంభానికి పార్లమెంటు ముందస్తు ఆమోదాన్ని మాత్రం విధించలేదు.

కాబట్టి రాయబార ఘట్ట విమర్శ దుర్యోధనుని మొండితనాన్నే కాక, హితవు చెప్పి ఊరుకున్న సభనూ ప్రశ్నించాలి.