కాపురము లేని దీవి

విహారస్థలములను గూర్చి మన భాషలో ఇప్పుడు పుట్టుచున్న వ్రాతలు రెండు తెగలు. మొదటిది ప్రకటన, రెండవది పోయి వచ్చినవారి అభిప్రాయము. మొదటిదానియందు లోకములోని నీలిరంగంతయు ఒక్కచోటనే పోసినట్లుండును. రెండవదానియందు తువాలు తడియారలేదనియు, కాఫీ చల్లారిపోయినదనియు, సేవకులు నవ్వుమొగముతో పలుకరించిరనియు నుండును. ప్రకటన వ్రాయువాడు అతిశయోక్తిని తప్ప వేరొక యలంకార మెరుగడు. అభిప్రాయము వ్రాయువాడు తాను స్వభావోక్తినే వ్రాయుచున్నానని తలచును గాని, వాని చూపు తన గది గడప దాటిపోదు. డబ్బు కట్టి ఇల్లిల్లాదిని వెంటబెట్టుకొని పోవు గృహస్థునకు అక్కరకు వచ్చు విమర్శ ఈ రెంటియందును దొరకదు. మాల్దీవులలోని యొక రిసార్టున మేము కుటుంబముతో ఐదు రాత్రులుండి వచ్చినారము. దాని పేరు చెప్పము. అట్టివి ఆ దేశమున నూటయేబదికి మించి యున్నవి. మేము చెప్పబోవునది వానిలో పెక్కింటికి చెల్లును.

మాల్దీవులే యెందుకన్న, మన ప్రాంతములలో విహారమునకు నేడు అదియే ఉపమానమైనది. చెరువు నడుమ నాలుగు కుటీరములు లేచిన మరునాడే 'మాల్దీవులను తలపించుచున్న' దని మన పత్రికలు వ్రాయుచున్నవి. చంద్రుని చూడనివాడు ముఖమును చంద్రునితో పోల్చిన నెట్లుండునో ఇదియు నట్లే యున్నది. ఉపమాన మెట్టిదో ముందు తెలిసికొనుట మేలు.

ఆ దేశమున సుమారు 1,190 దీవులు గలవు. జనులు కాపురముండునవి రెండువందలకు లోపు. అన్నింటి నేల కలిపినను మూడువందల చదరపు కిలోమీటర్ల పాటి. సముద్రమునకు పై నెత్తు చాలచోట్ల మనిషి నిలువునకైన రాదు. వారి భాష దివెహి. ఆ పేరు సంస్కృతములోని ద్వీపశబ్దమునకు చుట్టము. మన కృష్ణాముఖమునందలి దివిసీమయు ఆ వంశములోనిదే. వారితో మనకు వేరొక పాత బాంధవ్యమును గలదు. మనము నిత్యము చేతిలో చిల్లిగవ్వ లేదనుచుందుము గదా! గవ్వ నాణెముగా చెల్లిన వంగ, ఉత్కళ దేశములకు అది హెచ్చుగా వచ్చినది ఆ దీవులనుండియే. 14వ శతాబ్దమున అక్కడ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, దీవులవారు గవ్వలిచ్చి వంగదేశపు బియ్యము తెచ్చుకొనుచుండిరని వ్రాసినాడు. బియ్యము నేటికిని బయటినుండియే వచ్చుచున్నది. గవ్వకు బదులు సముద్రపు టొడ్డు అమ్ముడుపోవుచున్నది.

ఆ బేరము 1972లో మొదలైనది. మాలే పట్టణమునకు చేరువనున్న యొక నిర్జనద్వీపమున కురుంబా యను మొదటి విహారగృహము తెరచిరి. కురుంబా యన్న వారి మాటలో కొబ్బరికాయ. అటుపిమ్మట నిలిచిన పద్ధతి యేమన, జనులు లేని దీవి నొకదానిని ఒక్క సంస్థకు కౌలుకిచ్చుట. దీవికొక రిసార్టు, రిసార్టుకొక దీవి. ఊళ్లున్న దీవులలో విదేశీయుల బస చాలకాలము కూడకుండెను. అది ముస్లిము దేశము. మద్యమును, ఈతబట్టలును ఊరిలోనికి రాకుండుటకై చేసిన యేర్పాటు. దీనిని మేము తప్పుపట్టము. పరదేశి ధనముతో పరదేశి యలవాటులు కూడ ఇంటిలోనికి రానక్కరలేదని ఒక చిన్న జాతి తలచుట వివేకమే. 2024లో ఇరువది లక్షలకు మించిన యాత్రికులు వచ్చిన దేశమున, అయిదు లక్షల చిల్లర జనము తమ వీథులను తమవిగా నిలుపుకొన్నారన్న అది సామాన్యము కాదు. ఐనను ఈ యేర్పాటునకు వేరొక ఫలము కలదు. అది మాకు అక్కడికి పోయినపిదప గాని తెలిసిరాలేదు.

మేము ఐదుగురము: మేము, మా గృహిణి, పదునాలుగేండ్ల కుమార్తె, ఆరేండ్ల కుమారుడు, డెబ్బది రెండేండ్ల మా తల్లిగారు. విమానము దిగునప్పటికి ప్రొద్దు క్రుంకినది. నీటివిమానములు పగటివేళ తప్ప ఎగురవు గనుక దూరపు దీవులకు పోవలసినవారు ఆ రాత్రి మాలే దగ్గరనే ఆగిపోయిరి. మాది మోటారు పడవకు అందు దీవి యగుట మేలైనది. వెలల సంగతి త్వరగా చెప్పి ముగింతుము. ప్రకటనలోని వెల వెల కాదు. దానిపై సేవారుసుము నూటికి పది, 2025 జూలై నుండి ప్రభుత్వపు పన్ను నూటికి పదునేడు, అదే సంవత్సరము జనవరి నుండి హరితసుంకమను పేర తలకు రాత్రికి 12 డాలర్లు, ఇవిగాక పడవ కూలి వేరు. పోదలచినవారు అన్నియు కూడి యెంతయని ముందే వ్రాతమూలకముగ నడుగవలెను.

మాకిచ్చినది 'కుటుంబ గృహము'. ఆ మాటను గూర్చి కొంత నిలిచి విచారింపవలసి యున్నది. అక్కడ కుటుంబమన ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. మా తల్లిగారు ఆ లెక్కలో 'మూడవ పెద్ద'. మూడవ పెద్దకు మంచము పట్టదు గాన, మరొక వెలకు, రెండువందల అడుగుల దూరమున తోటలో ఒక కుటీరమిచ్చిరి. చక్కని కుటీరమే. అందు పట్టుదిండ్లు నాలుగు, పూలు, పండ్లు, తెలియని మీటలు పదునెనిమిది. ఆమె తన జన్మమున ఒక్క రాత్రియు ఒంటిగా పడుకొన్నది కాదు. మా అమ్మాయి పక్కగుడ్డతో ఆమె దగ్గరకు పోయినది. మా గృహమున నలుగురికి ముగ్గురమైతిమి. పిమ్మట ప్రకటనచిత్రములను మరల చూచితిమి. తెల్లబట్టలు కట్టిన తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. అవ్వ లేదు, తాత లేడు, పెండ్లికాని పినతల్లి లేదు. మన ఇండ్లలో సగముమంది ఆ చిత్రమునుండి జారిపోయినవారే.

గుణములు లేవనుట అన్యాయము. నీరు నిర్మలము, మోకాటిలోతు నీటిలో చిన్న సొరచేపపిల్లలు మన వీథి కుక్కపిల్లలవలె తిరుగుచుండెను. పగడపు దిబ్బను కొరికి నమలు చిలుకచేపలను పిల్లలు గంటలకొలది చూచిరి. ఆ చేప మ్రింగిన పగడము పిండియై వెలువడినదే ఆ తెల్లని ఇసుకలో ఒక పెద్ద పాలు. ప్రకటనకర్త 'ముత్యాల పొడి' యని వర్ణించినది నిజమునకు చేపల పెంట. తెలిసికొని మా అబ్బాయి పొంగిపోయెను. పడక మెత్తన, మంచినీరు చాలినంత. ఉప్పునీటిని యంత్రముచే తీపిచేసి వాడుదురు. వేడినీటి కుళాయి మాత్రము తన యిష్టము వచ్చినప్పుడు వచ్చెడిది. పిల్లలు ఆడుకొను శాల సాయంకాలము ఆరుగంటలకు, అనగా పెద్దలకు దాని యక్కర కలుగు వేళకు, మూయబడెడిది. మా గది వెనుకనుండి సముద్రములోనికి దిగు మెట్లున్నవి. వానికి తలుపు లేదు. ఆరేండ్ల బాలుడున్న ఇంట దానికి ఎన్ని పట్టుదిండ్లు సాటి వచ్చును? రాత్రి కుర్చీలు రెండు అడ్డముపెట్టి పడుకొంటిమి.

మా గృహిణికి మాత్రము అది పండుగ. పొయ్యి దగ్గరకు పోక, 'నేడేమి వండవలె' నను ప్రశ్న లేక ఐదు దినములు గడచినవి. ఇరువది యేండ్లలో ఇట్టిది తన పురుళ్ల సమయమున తప్ప ఎరుగనని ఆమె నవ్వుచు చెప్పినది. స్త్రీకి ఐదుదినముల విరామము కావలసిన సముద్రము దాటవలసి వచ్చుట ఆ రిసార్టునకు కీర్తియా, మన ఇండ్లకు అపకీర్తియా? మా తల్లిగారికి ఈ విరామము కూడ అబ్బలేదు. భోజనము కాగానే కంచము చేతబట్టుకొని కడుగుచోటు వెదకెడిది. వడ్డించు యువకుడు మెల్లగా దానిని తీసికొనిపోయెడివాడు; మరునాడు ఆమె మరల లేచెడిది.

ఆమెకు కావలసినది పెరుగు. బల్లలపై నూరు పదార్థములున్నవి. పెరుగని చూపినవన్నియు పంచదార, పండ్లరసము కలిపిన డబ్బాలు. రెండు పూటలామె వట్టి అన్నముతో లేచినది. ఈ సంగతి వంటశాలకు ఎట్లో తెలిసి, మూడవపూట ఒక వంటవాడు గిన్నెతో తోడు వేసిన పెరుగు తెచ్చినాడు. అతడు శ్రీకాకుళపు ఉద్దానమువాడు. ఆమె తెలుగు విని బయటికి వచ్చినాడట. ఊరు విడిచి పదునాలుగు నెలలైనదనియు, తాను వచ్చిన పిదప బిడ్డ పుట్టినదనియు, ఇంతవరకు ఫోనులో తప్ప చూడలేదనియు చెప్పినాడు. మా తల్లిగారు అతనిని కూర్చుండుమనినది. అతిథుల బల్లవద్ద కూర్చుండరాదని చెప్పి నిలుచుండియే మాటలాడి పోయినాడు.

అప్పటినుండి మేము అందరిని అడుగసాగితిమి. గది తుడుచువాడు వంగదేశీయుడు. ఆ దేశమునకు వచ్చిన విదేశపు కూలీలలో బంగ్లాదేశీయులే హెచ్చు. వాని భార్యాబిడ్డలు నవాఖాలిలో నున్నారు. పడవ నడుపువాడు మాల్దీవులవాడే. వాని దీవికి పడవమీద ఒక పగలు పట్టును, ఇల్లు చూచి మూడునెలలైనది. తోటమాలి, కాపలాదారు, ఈతకొలను శుభ్రపరచువాడు, ఎవ్వని ఇల్లును ఆ దీవిలో లేదు. ఉండుటకు వీలును లేదు. కాపురములు లేని దీవిని చూచి కౌలుకిచ్చిరి గదా! ఇదియే మేము పైన చెప్పిన ఆ రెండవ ఫలము. ఊరిని విదేశీయునినుండి కాపాడిన గోడయే పనివానిని వాని ఇంటినుండి వేరుచేసినది. పొరుగుదీవులలోని స్త్రీలు అంతదూరము వచ్చి రాత్రులు నిలువలేరు. మేము చూచిన పనివారిలో ఆ దేశపు స్త్రీలు ఇద్దరే. కుటుంబవిహారమని పేరు పెట్టి అమ్ముచున్న చోట కుటుంబము గల మనిషి అతిథి యొక్కడే.

అతిథుల కిచ్చిన దీవిపటములో ఒక మూల పచ్చరంగు పూసి పేరు వ్రాయక విడిచినారు. మేము ఉదయమున నడచుచు ఆవైపునకు పోయితిమి. డీజిలు యంత్రము, నీటియంత్రము, చెత్తబస్తాలు, ఆరవేసిన బట్టలు, పనివారి బారెడు గదులు అక్కడ నున్నవి. చెత్త పడవలలో తిలఫుషికి పోవునట. అది 1992 నుండి చెత్తతో పూడ్చి పెంచిన దీవి. పటమును మేము ఉంచుకొన్నాము. ఆ పచ్చమూల కొంచెము చిన్నదిగా గీచినారు.

వంటరుచి చూచువాడు వంటింటిలోనికి తొంగిచూడ నేల యని కొందరందురు. డబ్బిచ్చి విశ్రాంతి కొన్నవానికి ఈ లెక్క లెందులకందురు. విశ్రాంతి కొనుట నేరము కాదు, మేమును కొంటిమి. కాని అభిప్రాయము వ్రాయ గూర్చున్నవాడు చూచినదానిలో సగము విడిచినచో దానిని విమర్శ యనరాదు. సేవకుని నవ్వుమొగమునకు పదింటికి పది గుణములు వేసినవాడు ఆ మొగము ఎవరి మొగమని యొక్కమాట అడుగవలదా?

వినోదముల పట్టికలో డాల్ఫిన్లకును సాయంకాలపు చేపలవేటకును నడుమ 'స్థానిక ద్వీప సందర్శనము' అని యుండెను. మనుష్యుల ఊరును డాల్ఫిన్ల ప్రక్క చేర్చినందుకు కోపము వచ్చినను, నాల్గవనాడు పోయితిమి. చిన్న ఊరు; ఇసుకవీథులు, బడి, మసీదు. ఇండ్లముందు చట్రములకు త్రాటివల బిగించిన జోలి యను ఆసనములు; అందు కూర్చున్న ముసలివారు. ఒక యింటిముంగిట ముదుసలి యొకతె పీటపై కూర్చుండి కొబ్బరి కోరుచుండెను. మన కోరుపీటయే, వారు హుణిగొండి యందురు. మా తల్లిగారు ఎదుట నిలిచి చూచి, చేసైగతో పీట నడిగి తీసికొని, తక్కిన చిప్పను తాను కోరినది. ఆ యిద్దరికి ఒక్కమాటయు ఉమ్మడి కాదు. అరగంట ఎట్లు గడచినదో, పడవవాడు కేకవేయువరకు కదలలేదు. ఐదుదినములలో ఆమె ముఖము తేటపడి యుండుట మేము చూచినది అప్పుడే.

2009-10 ప్రాంతమున చట్టము సడలి, ఊళ్లున్న దీవులలోను చిన్న బసలు వెలసినవి. మాఫుషి వానికి పేరుపడినది. గదులు చిన్నవి, మద్యము లేదు, ఈతబట్టలకు వేరుపరచిన ఒడ్డు తప్ప ఒడలు కప్పుకొని తిరుగవలెను, వెనుకయొడ్డున చెత్త కంటబడును. హరితసుంకము చిన్న బసలలో సగమే. వెల తక్కువ, పొరుగు కలదు. కొత్తగా పెండ్లియైనవారికి రిసార్టు తగును. ఒకరినొకరు తప్ప చూడనివారికి పొరుగుతో పని లేదు. అవ్వను, పిల్లలను తీసికొని పోవు తెలుగు గృహస్థుడు రెండురాత్రులు రిసార్టునను, తక్కినవి ఊరిలోను గడపవలెనని మా యభిప్రాయము. మనతీరమున నేడు 'మాల్దీవులవంటివి' కట్టదలచినవారును ఈ రెంటిలో ఏ మాల్దీవులను తలచుచున్నారో ముందు చెప్పవలెను. ఊరిని తొలగించి కట్టునదియా, ఊరిలో కట్టునదియా?

వచ్చునాడు ఒక పత్రమిచ్చి నింపుమనిరి. దిండు, కుళాయి, భోజనము, చిరునవ్వు. ఒక్కొక్కదానికి పది గుణములు. పనివారి సెలవునకు గడి లేదు. గనుక దానిని అంచున వ్రాసి, గడులలో మెట్లకు తలుపు లేకుండుటయు, పెరుగు లేకుండుటయు వ్రాసితిమి. పదిదినములకు జాబు వచ్చినది. మెట్లకు తలుపు పెట్టింతురట. పెరుగు ఇక ప్రతిదినము ఉండునట. అంచున వ్రాసినదానిని గూర్చి అందులో ఏమియు లేదు.